వేరు కొట్టం – ఒకటే గోలెం

మా వైపు పశువుల సంత నుంచి కొత్త గొడ్డును కొని తెస్తే దాన్ని తిన్నగా చావిట్లోకి తోలరు. పది పదిహేను రోజులు పెరట్లో వేరే పాకలో కట్టేస్తారు. దానికి ఏదన్నా జబ్బుంటే అక్కడే బయటపడుతుంది, చావిట్లో ఉన్నవాటికి తగలదు అని. 2019లో నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా మా నాన్న ఒక సూడి గేదెను కొని తెచ్చి అలాగే వేరుగా కట్టేశాడు. చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంది. మేత బాగానే మేసింది. అయినా ఎనిమిదో రోజుకల్లా చావిట్లో ఉన్న మా పాడి గేదెలు రెండూ మేత మానేసి, చొల్లు కార్చుకుంటూ కుంటడం మొదలుపెట్టాయి. గాలికుంటు. టీకాలు వేసేవాళ్లు వచ్చిన రోజున మేమంతా పొలంలో ఉండి వేయించలేకపోయాం. పశువుల డాక్టరు గారు వచ్చి, "కొత్తదాన్ని ఎక్కడ కట్టారు?" అని అడిగారు. నాన్న కొంచెం గర్వంగానే పాక చూపించాడు. డాక్టరు గారు పాకను చూడలేదు. చావిడి ముందున్న కుడితి గోలెం వైపు చూసి, "దానికి కుడితి ఎందులోంచి పోస్తున్నారు?" అన్నారు. మా అమ్మ ఆ ఒక్క గోలెంలోంచే, ఒక్క బకెట్టుతోనే, ముందు కొత్త గేదెకూ తర్వాత పాతవాటికీ పోస్తోంది.

ఆ యేడు మూడు నెలల పాటు మా ఇంట్లో పాల డబ్బు లేదు. ఒక గేదె మళ్లీ మునుపటిలా పాలివ్వనేలేదు.

సైన్సు వ్యాసం రాస్తానని చెప్పి గేదెల కథ ఎత్తుకున్నాడేమిటని సంపాదక మిత్రులు విసుక్కోవద్దని మనవి. నేను రాయబోయేది కంప్యూటర్లో వేసే అటువంటి పాకను గురించే. నమ్మకం లేని ఫైలును దించుకున్నప్పుడు దాన్ని అసలు కంప్యూటర్లో తెరవకుండా, వర్చువల్ మెషీన్ అనే వేరు కొట్టంలో తెరిచి చూడమని మనకు చాలామంది చెబుతుంటారు. మంచి సలహానే. అయితే గోలెం సంగతి ఎవరూ చెప్పరు. అది నాకు 2024 డిసెంబరులో, హాస్టలు గదిలో, నా చేతులారా తెలిసివచ్చింది.

ఏమిటీ యంత్రంలో యంత్రం?

కంప్యూటర్లో మామూలు ప్రోగ్రాం మాదిరిగా నడుస్తూ, తానే ఒక పూర్తి కంప్యూటర్నని లోపలివాళ్లను నమ్మించేది వర్చువల్ మెషీన్. దానికి సొంత మెమరీ, డిస్కు, నెట్‌వర్క్ కార్డు, తెర అన్నీ ఉన్నట్టే ఉంటాయి. నిజానికి ఆ డిస్కు మన అసలు డిస్కు మీద ఉన్న ఒక పెద్ద ఫైలు. ఆ నెట్‌వర్క్ కార్డు ఎవరో కూర్చుని రాసిన కొన్ని వేల వరుసల ప్రోగ్రాం. బయటి యంత్రాన్ని హోస్టు అనీ, లోపలి యంత్రాన్ని గెస్టు అనీ అంటారు. ఈ రెండింటి మధ్యా నిలబడి వ్యవహారం చక్కబెట్టేదాని పేరు హైపర్‌వైజర్.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1960లలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. వారి శాస్త్ర కేంద్రంలో సి.పి.-40 అనే ఏర్పాటుతో ఇది మొదలైంది. ఒక్కో కంప్యూటరు ఒక గదంతా ఆక్రమించే కాలమది. ఒకే యంత్రాన్ని పదిమందికి పంచుతూనే, ఎవరికి వారికి మొత్తం యంత్రం తమదే అనిపించేలా చేశారు. కాలువ నీటి వంతు వంటిదే ఇదీ. నీ వంతు నడుస్తున్నంతసేపూ కాలువంతా నీదే. 1972లో ఐ.బి.ఎం. దీన్ని వి.ఎం./370 అన్న పేరుతో ప్రకటించింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి షరతులు రాశారు. లోపలి ప్రోగ్రాం అసలు యంత్రం మీద నడిచినట్టే నడవాలి, దాని ఆదేశాల్లో అధికభాగం నేరుగా ప్రాసెసరు మీదనే సాగాలి, కాని వనరుల మీద పెత్తనం మాత్రం మధ్యవాడి చేతిలోనే ఉండాలి.

ఈ పెత్తనం ఎలా సాధ్యమన్నదే ఇందులో రుచిగల విషయం. ప్రాసెసరుకిచ్చే ఆదేశాల్లో కూడికలు, తీసివేతల వంటి అమాయకమైనవి చాలా ఉంటాయి. యంత్రం మొత్తం స్థితిని మార్చేవి, బయటపెట్టేవి కొన్ని ఉంటాయి. గెస్టు ఈ రెండో రకం ఆదేశం ఇవ్వబోగానే ప్రాసెసరు అక్కడే ఆగి హైపర్‌వైజర్‌ను పిలవాలి. అది వచ్చి, ఇవ్వదగ్గ జవాబేదో తాను తయారుచేసి ఇచ్చి, మళ్లీ గెస్టును నడవనిస్తుంది. గెస్టుకు మధ్యలో ఒకరొచ్చి వెళ్లిన సంగతే తెలియదు. కాని మన లాప్‌టాప్‌లలో ఉండే ఇంటెల్ తరహా ప్రాసెసర్లు చాలాకాలం దీనికి లొంగలేదు. 2000 సంవత్సరంలో రాబిన్, ఇర్విన్ అనే పరిశోధకులు పెంటియం ఆదేశాలను ఒక్కొక్కటే పరీక్షించి, ఇటువంటి సున్నితమైన ఆదేశాలు 17 మధ్యవాడిని పిలవకుండానే జరిగిపోతున్నాయని తేల్చారు. వి.ఎం.వేర్ సంస్థ అప్పటికే, 1999 నుంచి, ఆ ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసే ఉపాయంతో నెట్టుకొస్తోంది. తర్వాత ఇంటెల్ 2005లోనూ, ఎ.ఎం.డి. 2006లోనూ ప్రాసెసరులోనే అందుకు సదుపాయం పెట్టాయి. ఈనాడు మనబోటి విద్యార్థి మామూలు లాప్‌టాప్ మీద, డబ్బు ఖర్చు లేకుండా, వర్చువల్ బాక్స్ వేసుకుని విండోస్ లోపల లినక్స్ నడుపుకుంటున్నాడంటే ఇదంతా జరిగినందువల్లనే.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ ఏర్పాటు పుట్టింది పంచుకోవడానికి. దొంగను బంధించడానికి కాదు. పొలంలో నీరు నిలపడానికి వేసిన గట్టును చూపించి "ఇది దొంగను కూడా ఆపుతుంది" అంటే కొంతవరకు నిజమే కావచ్చు. కాని గట్టు మీద నమ్మకం పెట్టేవాడు తూము ఎక్కడుందో కూడా చూసుకోవాలి.

నా నిర్వాకం

నా ప్రాజెక్టు నేలలో తేమను గురించి. చవకరకం సెన్సర్ ఒకటి కొని, చిన్న సర్క్యూటు కట్టి, మా మిరప చేలో పాతిపెట్టాను. రోజూ ఉదయం మా చెల్లెలు స్కూలుకు పోతూ రీడింగు చూసి ఫోనులో చెప్పేది. నేను ఇక్కడ ఎక్కించుకునేవాణ్ణి. అరవై మూడు రోజుల రీడింగులు అయ్యాయి. వాటిని గ్రాఫులుగా గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ బాగుంటుందని గదిలో మిత్రుడన్నాడు. కొనాలంటే నా రెండు నెలల మెస్ బిల్లు. ఎవరో తాళం పగలగొట్టి ఉచితంగా పెట్టిన కాపీ అతనికి ఒకచోట దొరికింది.

నేనూ కంప్యూటర్ సైన్సు విద్యార్థినే కదా! గుడ్డిగా నా విండోస్‌లో వేయను. వర్చువల్ మెషీన్ తయారుచేశాను. అందులో విండోస్ వేశాను. వేయగానే స్నాప్‌షాట్ తీశాను. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో యంత్రం ఎలా ఉందో అలాగే దాచిపెట్టడం. తర్వాత ఏం పాడైనా ఒక్క నొక్కుతో ఆ క్షణానికి తిరిగి వెళ్లవచ్చు. మిత్రుడికి ఇదంతా వివరిస్తుంటే నాకే ముచ్చటేసింది. ఇక ఆ ఫైలును లోపలికి పంపాలి. అందుకని షేర్డ్ ఫోల్డర్ పెట్టాను. హోస్టులోని ఒక ఫోల్డరు గెస్టులో కూడా కనబడే ఏర్పాటు అది. వేరే ఖాళీ ఫోల్డరు చేసి దాన్ని చూపించవలసింది. బద్ధకించి నా డాక్యుమెంట్స్ ఫోల్డరునే చూపించాను. "రీడ్ ఓన్లీ" అని పక్కనే చిన్న గడి ఉంటుంది. దాన్ని టిక్కు పెడితే గెస్టు చదవగలదే గాని రాయలేదు. మనం పెట్టకపోతే రాయడానికి కూడా అనుమతి ఇచ్చినట్టే. నేను పెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ చక్కగా ఎక్కింది. తెరుచుకుంది కూడా. సంతోషించి, దాన్ని అలాగే వదిలేసి భోజనానికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి లోపలి విండోస్ తెర రంగు మారి, డబ్బు కట్టమని ఇంగ్లీషులో ఒక బెదిరింపు చీటీ కనబడింది. నాకు నవ్వొచ్చింది, నిజం చెబుతున్నాను. "చూశావా, ఇందుకే లోపల వేశాను" అని మిత్రుడితో అన్నాను. స్నాప్‌షాటుకు వెనక్కి తిప్పాను. నిమిషంలో యంత్రం కడిగిన ముత్యంలా వచ్చింది. ఆ తర్వాత ప్రాజెక్టు పని చేద్దామని నా అసలు డాక్యుమెంట్స్ ఫోల్డరు తెరిచాను. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని అక్షరాల తోక ఉంది. పక్కనే అదే చీటీ.

నా లాప్‌టాప్‌కు వైరస్ తగలలేదు. ఇది గమనించవలసిన విషయం. గెస్టు గోడ దాటి ఏదీ రాలేదు, ఎక్కడా పగులు లేదు. లోపలి విండోస్‌కు ఆ ఫోల్డరు ఒక డిస్కు లాగా కనబడింది. తనకు కనబడిన డిస్కులన్నిటిలోని ఫైళ్లకు తాళాలు వేయడమే ఆ ప్రోగ్రాం పని. వేసింది. స్నాప్‌షాట్ గెస్టు డిస్కును వెనక్కి తెచ్చింది గాని, ఆ ఫోల్డరు గెస్టు డిస్కు కాదు. అది నాది. మర్నాడు మా కంప్యూటర్ సైన్సు మాస్టారికి చెబితే, "గోడేం పడలేదోయ్. తలుపు నువ్వే తీసి పెట్టావు" అన్నారు.

ఆ ఫోల్డరులో ప్రాజెక్టుతో పాటు మా నాన్న పంట రుణం కోసం నేను స్కాను చేసిపెట్టిన పొలం కాగితాలున్నాయి. అసలు కాగితాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అరవై మూడు రోజుల రీడింగులు మాత్రం మరెక్కడా లేవనుకున్నాను. ఫోనులో మా చెల్లెలికి చెబితే, "ఉండన్నయ్యా" అని పాల లెక్కల పుస్తకం తెచ్చి, వెనక పేజీల్లోంచి చదవడం మొదలుపెట్టింది. ఎందుకైనా మంచిదని రాసిపెట్టిందట. నలభై ఒక్క రోజులవి దొరికాయి. మిగిలిన ఇరవై రెండూ దాని పరీక్షల రోజులు; అప్పుడు రాయలేదు. నా ప్రాజెక్టు రిపోర్టులో గ్రాఫు మధ్యలో ఖాళీ ఎందుకుందని అడిగిన అధ్యాపకులకు నేను ఏదో సర్దిచెప్పాను. ఇప్పుడు ఇలా అచ్చులో ఒప్పుకుంటున్నాను.

గోలెం ఒక్కటే కాదు

ఈ దెబ్బ తిన్నాక సెలవుల్లో కూర్చుని దీన్ని గురించి చదివాను. చదివిన కొద్దీ నాకు తోచిందేమిటంటే, లోపలా బయటా కలిసే చోట్లు ఒకటి కాదు, అరడజను.

ఉదాహరణకు క్లిప్‌బోర్డు. బయట కాపీ చేసినది లోపల అతికించుకునే సౌకర్యం. వర్చువల్ బాక్స్‌లో దీన్ని మనమే తెరవాలి. విండోస్‌తో వచ్చే విండోస్ శాండ్‌బాక్స్‌లో (ఇది 2019లో వచ్చింది, హోం ఎడిషన్‌లో ఉండదు) క్లిప్‌బోర్డూ, నెట్‌వర్కూ రెండూ మొదటినుంచీ తెరిచే ఉంటాయి. మూసుకోవలసింది మనం. లోపల అనుమానపు ప్రోగ్రాం నడుస్తుండగా బయట మనం బ్యాంకు పాస్‌వర్డు కాపీ చేశామంటే అది లోపలికి కూడా వినబడినట్టే.

ఇక నెట్‌వర్కు. గెస్టును బ్రిడ్జి పద్ధతిలో కలిపితే అది మన హాస్టలు నెట్‌వర్కులో మరో సభ్యుడైపోతుంది. పక్కగదుల లాప్‌టాప్‌లన్నీ దానికి ఇరుగుపొరుగు. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు, ఎవరూ దేన్నీ నొక్కనక్కరలేకుండానే, ఒక విండోస్ నుంచి మరో విండోస్‌కు నెట్‌వర్కు మీదుగా పాకుతూ ప్రపంచమంతా తిరిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని వాతపడ్డాయని అప్పుడు పత్రికల్లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారు దానికి మందు ఆ యేడు మార్చిలోనే ఇచ్చారు, వేయించుకోనివాళ్లకే వచ్చింది. (మా గేదెలు గుర్తొచ్చాయి.) ఇటువంటిది గెస్టులో లేస్తే స్నాప్‌షాట్ మనకు పనికొస్తుందేమో గాని పక్కగది వాడికి పనికిరాదు. నాట్ అనే పద్ధతిలో పెడితే బయటివాళ్లకు గెస్టు నేరుగా కనబడదు. కాని గెస్టుకు బయటి లోకం కనబడుతూనే ఉంటుంది, హోస్టుతో సహా. బయటికి పోయిన రహస్యాన్ని ఏ స్నాప్‌షాటూ వెనక్కి తేలేదు.

స్నాప్‌షాట్‌లో నేను ఊహించని చిక్కు మరొకటుంది. వెనక్కి తిప్పినప్పుడు చెడుతో పాటు మంచి కూడా పోతుంది. మధ్యలో వేసిన భద్రతా సవరణలన్నీ మాయమై, యంత్రం ఆరు నెలల కిందటి బలహీనతలతో మళ్లీ లేచి కూర్చుంటుంది. పైగా నడుస్తున్న యంత్రానికి స్నాప్‌షాట్ తీస్తే దాని మెమరీ కూడా డిస్కు మీదకు వస్తుంది. అప్పుడు టైపు చేసి ఉన్న పాస్‌వర్డు అందులో ఉండనూ వచ్చు.

కొందరు మిత్రులు విండోస్ వేసుకునే ఓపిక లేక, తయారుగా ఉన్న వర్చువల్ మెషీన్‌నే ఎక్కడినుంచో దించుకుంటారు. అది గొడ్డుతో పాటు పాకను కూడా అదే సంతలో కొన్నట్టుంటుంది.

తలకిందులైన కథ కూడా ఒకటి ఉంది. చదివినవాటిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. 2020 మే నెలలో రాగ్నార్ లాకర్ అనే ముఠా పనిని సోఫోస్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. ఆ ముఠావాళ్లు తాము చొరబడిన సంస్థ కంప్యూటర్లలో తామే వర్చువల్ బాక్స్ వేసి, అందులో విండోస్ ఎక్స్‌పి నడిపి, తాళాలు వేసే ప్రోగ్రామును దాని లోపల పెట్టారు. బయటి డిస్కులన్నిటినీ షేర్డ్ ఫోల్డర్లుగా లోపలికి చూపించారు. కేవలం 49 కిలోబైట్ల ప్రోగ్రామును దాచడానికి 282 మెగాబైట్ల యంత్రాన్ని మోసుకొచ్చారన్నమాట! బయట కాపలా కాసే యాంటీవైరస్‌కు కనిపించేదల్లా వర్చువల్ బాక్స్ అనే మంచి పేరున్న ప్రోగ్రాం తన పని తాను చేసుకుంటూ కొన్ని ఫైళ్లను తిరగరాయడమే. నేను అజ్ఞానంతో చేసినదాన్నే వాళ్లు తెలివితో చేశారు.

నిజంగా గోడే పగిలితే

ఇప్పటిదాకా చెప్పినవి మనం తెరిచిన తలుపులు. గోడలోనే పగుళ్లుండవా? ఉంటాయి. హైపర్‌వైజర్ కూడా మనుషులు రాసిన ప్రోగ్రామే. ముఖ్యంగా ఉత్తుత్తి పరికరాలను నటించే భాగాల్లో పొరపాట్లు దొర్లుతాయి. గెస్టు తనకిష్టమైన చెత్తంతా ఆ పరికరానికి పంపవచ్చు. ఆ పరికరంగా నటించే ప్రోగ్రాం మాత్రం బయట, హోస్టులో నడుస్తుంటుంది. అది ఆ చెత్తను సరిగా కొలవకుండా మింగిందంటే, గెస్టు రాసినది హోస్టు మెమరీలో ఉండకూడని చోట పడుతుంది.

2015 మే నెలలో బయటపడిన వెనమ్ అనే లోపం ఇందుకు చక్కని ఉదాహరణ. క్యూ.ఇ.ఎం.యు. అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డిస్కు కంట్రోలరుగా నటించే భాగంలో అది ఉంది. ఆ భాగాన్ని వాడుకున్న జెన్, కె.వి.ఎం., వర్చువల్ బాక్స్‌లకు కూడా అంటుకుంది. ఫ్లాపీ అంటే మాలో చాలామందికి "సేవ్" గుర్తుగానే తెలుసు, చేత్తో పట్టుకున్నవాళ్లు లేరు. ఎవరూ వాడని ఆ పరికరంలో ఆ తప్పు 2004 నుంచి పదకొండేళ్లు నిద్రపోయింది. జెన్, క్యూ.ఇ.ఎం.యు.లలో ఫ్లాపీ అక్కర్లేదని తీసేసినా, వేరొక పొరపాటు వల్ల కంట్రోలరు ప్రోగ్రాం మాత్రం లోపలే మిగిలి ఉండేది. వాడని బావి మీద మూత వేశామనుకుంటే మూత కింద నేలే లేదన్నట్టు.

అంతకుముందు 2008లో వి.ఎం.వేర్ షేర్డ్ ఫోల్డర్లలోనే ఒక లోపాన్ని కోర్ సెక్యూరిటీ వారు ప్రకటించారు. మనం ఒక ఫోల్డరు చూపిస్తే, దారి పేరులో చిన్న తిరకాసు చేసి హోస్టు డిస్కులో మరెక్కడికైనా పోగలగడం. 2009లో అదే వి.ఎం.వేర్‌లో తెరకు బొమ్మ గీసే భాగం గుండా బయటికి రావచ్చని కోస్త్య కోర్చిన్‌స్కీ అనే పరిశోధకుడు చూపించాడు. 2017 మార్చిలో కెనడాలో జరిగిన పోన్‌టుఓన్ పోటీలో చైనాకు చెందిన క్విహూ 360 జట్టు మూడు లోపాలను దండగా గుచ్చింది. గెస్టులోని ఎడ్జ్ బ్రౌజరులో ఒక పేజీ తెరిచినంతనే బ్రౌజరు, దాని కింద విండోస్ కెర్నెలు, దాని కింద వి.ఎం.వేర్ గోడ దాటి హోస్టుకు చేరింది. బహుమతి 1,05,000 డాలర్లు. 2018 నవంబరులో మనం వాడే వర్చువల్ బాక్స్‌లోనే, మనం మార్చకుండా వదిలేసే నెట్‌వర్క్ కార్డులోనే, ఒక లోపాన్ని సెర్గేయ్ జెలెన్యుక్ అనే పరిశోధకుడు తయారీదారులకు ముందుగా చెప్పకుండానే లోకానికి వెల్లడించాడు. 2025 మార్చిలో బ్రాడ్‌కామ్ సంస్థ (వి.ఎం.వేర్ ఇప్పుడు దానిదే) మరికొన్ని లోపాలకు సవరణలిస్తూ, వాటిని దుండగులు అప్పటికే వాడుతున్నట్టు సమాచారముందని తెలిపింది. ఇవిగాక 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్, ఆగస్టులో ఫోర్‌షాడో అనేవి బయటపడి, గోడ పగలకపోయినా ఒకే ప్రాసెసరును పంచుకోవడం వల్లనే రహస్యాలు జారిపోవచ్చని చూపించాయి. వాటిని వివరించాలంటే మరో వ్యాసమవుతుంది.

ఇవి చదివి బెంబేలు పడనక్కరలేదని నా అభిప్రాయం. గోడను పగలగొట్టే విద్య లక్షల రూపాయలు పలుకుతుంది. దాన్ని నా నేల తేమ రీడింగుల కోసం ఎవరూ ఖర్చుపెట్టరు. అందులోనూ సవరణలు వచ్చినప్పుడు హైపర్‌వైజర్‌ను కొత్తది వేసుకునేవాడికి పాత పగుళ్ల బెడద తీరుతుంది. మనబోటివాళ్లను ముంచేది పగులు కాదు, కుడితి గోలెమే.

కొత్త గేదె నిగనిగ

చివరిగా, అన్నిటికంటే పెద్ద పొరపాటు. "వర్చువల్ మెషీన్‌లో వేసి చూశాను, ఏమీ కాలేదు, కాబట్టి మంచిదే" అని అదే ఫైలును తెచ్చి అసలు కంప్యూటర్లో వేయడం. మా గేదె ఎనిమిది రోజులూ ఎలా ఉందో చెప్పాను కదా. గాలికుంటు లోపల చేరాక పైకి కనబడటానికి రెండు వారాల వరకు పట్టవచ్చు. ప్రోగ్రాములకు అంతకన్నా ఓపిక ఎక్కువ.

పైగా తాము పాకలో ఉన్నామని వాటికి తెలుసు. పైన చెప్పిన 17 ఆదేశాల్లో ఒకదాన్ని వాడి, తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నదీ లేనిదీ కనిపెట్టే చిన్న ప్రోగ్రామును 2004లో జొవానా రుట్‌కోవ్‌స్కా అనే పోలండు పరిశోధకురాలు ప్రకటించారు. దాని పేరు రెడ్ పిల్. ఇప్పుడంత శ్రమ కూడా అక్కర్లేదు. వర్చువల్ బాక్స్ తన నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చే చిరునామా మామూలుగా 08:00:27తో మొదలవుతుంది. మెమరీ మరీ తక్కువగా ఉండటం, మౌసు గంటసేపు కదలకపోవడం, వాడిన ఫైలు ఒక్కటీ లేకపోవడం – ఇవన్నీ ఆనవాళ్లే. వీటిని చూసి దుష్ట ప్రోగ్రాం బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. నా చేతికి చిక్కినది అలా కూర్చోకుండా వెంటనే బయటపడింది. ఒక విధంగా అదే నయం. అది ఊరుకుని ఉంటే మర్నాడు నేనే దాన్ని అసలు లాప్‌టాప్‌లో వేసి, పక్కగదులకు కూడా పంచేవాణ్ణి.

మరిప్పుడు నేనేం చేస్తున్నానంటే, ముందుగా ఆ తాళం పగిలిన సాఫ్ట్‌వేర్ జోలికి పోవడం లేదు. గ్రాఫులు పైథాన్‌లో గీస్తున్నాను, కొన్నిటికి ఆక్టేవ్ వాడుతున్నాను. రెండూ ఉచితమే, రెండూ బహిరంగంగా దొరికేవే. ఎవరైనా పంపిన ఫైలును తప్పనిసరిగా చూడవలసి వస్తే గెస్టుకు నెట్‌వర్కు తీసేస్తాను, కేబులు పీకేసినట్టుగా. షేర్డ్ ఫోల్డరు పెట్టను. ఫైలును సి.డి. బొమ్మగా, అంటే ఐ.ఎస్.ఓ.గా చేసి లోపలికి చూపిస్తాను, సి.డి. మీద గెస్టు తిరిగి రాయలేదు. క్లిప్‌బోర్డు, డ్రాగ్ అండ్ డ్రాప్, యు.ఎస్.బి. అన్నీ మూసేస్తాను. గెస్టులో నా పేరుతో ఏ ఖాతాలోకీ వెళ్లను. పని అయ్యాక ఆ యంత్రాన్ని మొత్తంగా చెరిపేస్తాను. దాన్నుంచి బయటికి ఏమీ తెచ్చుకోను, చూసింది కళ్లతో చూసి కాగితం మీద రాసుకుంటాను. ఇదంతా చాదస్తంగా ఉందని మా గదిలో నవ్వుతారు. నవ్వనివ్వండి. అసలు ఫైళ్ల కాపీ ఒకటి, లాప్‌టాప్‌కు తగిలించకుండా, బీరువాలో ఉంటోంది. నేల తేమ రీడింగులను చెల్లెలు పాల లెక్కల పుస్తకంలో రాయడం మానలేదు, పరీక్షల రోజుల్లో కూడా.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పెరటి పాక దగ్గర రెండో గోలెం కనబడింది. బకెట్టు కూడా వేరే. మా నాన్న దానికి ఎర్ర రంగు పూశాడు, అమ్మ పొరపాటున మార్చి వాడకుండా.

ఈ విషయంలో సందేహాలున్న మిత్రులు ఏ ఆదివారమైనా హాస్టల్లో నా గదికి రావచ్చు, కలిసి కూర్చుని వర్చువల్ మెషీన్ వేసి చూపిస్తాను. పెన్‌డ్రైవులు మాత్రం దయచేసి మీ గదిలోనే పెట్టి రండి.